విమలాదేవి రిపోర్టు

భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుండగా విమలాదేవికి గేటు దగ్గర సాదియా గొంతు వినిపించింది. సాదియా ఆ బస్తీ ఆశా వర్కర్. రొమ్ములో తగిలిన గడ్డను చూపించుకొమ్మని పట్టుబట్టి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది తనే. వస్తూనే అడిగింది.

“ఏంది మేడమ్, గిట్ల జేసిండ్రు? రిపోర్టు వచ్చి తొమ్మిది దినాలైంది. ఆసుపత్రోళ్లు మీ ఫోనుకు రెండుసార్లు చేసిండ్రంట. వస్తమని సార్ చెప్పిండంట.”

విమలాదేవి చెయ్యి ఆగిపోయింది. ఆమె ఫోను ఆమె దగ్గర ఉండదు. మహిళా రిజర్వేషన్‌లో కార్పొరేటరుగా గెలిచిన రోజే భర్త అమరనాథ్ దాన్ని తన జేబులో వేసుకున్నాడు. “మురికి నాలాల లొల్లి, నల్లా నీళ్ల లొల్లి, నీకెందుకు ఫికర్?” అన్నాడు. అప్పుడది దయలాగే అనిపించింది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తుపెట్టి కాగితాలు తెచ్చేవాడు; ఆమె కూర కలుపుతున్న చెయ్యి కొంగుకు తుడుచుకుని పెట్టేది. మీటింగుల్లో కుర్చీ ఆయనది, చాయ్ ఆమెది. “కార్పొరేటరైనా మా కోడలు కూరల ఉప్పు తప్పనియ్యదు” అని అత్త నాగమణమ్మ చుట్టాల ముందు మురిసిపోయేది.

స్నానం చేసి వచ్చిన అమరనాథ్, సాదియాను చూడగానే మొహం వేలాడేశాడు.

“ఏమున్నది రిపోర్టుల?” విమలాదేవి అడిగింది.

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. “క్యాన్సరే అంటున్నరు. మొదట్లనే ఉన్నదంట. నీకెట్ల చెప్పాల్నో నోరు రాలేదు విమలా.” కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన నీళ్లే. వాటిని తుడుచుకుని మెల్లగా అన్నాడు: “ఈ వారమే ఎన్నికల టికెట్ల లిస్టు. జబ్బు మనిషంటే ఇస్తరా? ఒక్క వారం ఆగుదాం. ఎవ్వరికీ చెప్పకుండ్రి.”

మొదటి మాటకు ఆమె కరిగింది. రెండో మాటకు ఒళ్లు చల్లబడింది. ఏడ్చినవాడు, టికెట్ లెక్క వేసినవాడు, ఈ ఇద్దరిలో తన మొగుడెవరు? ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేనిది, ఈ తొమ్మిది రోజులూ దానిమ్మగింజలు ఒలిచి పెట్టాడు. అది ప్రేమా, నేరం చేసినవాడి బెంగా? అంతకంటే అర్థం కానిది మరొకటి. క్యాన్సర్ అన్న మాట వినగానే భయం కంటే ముందు, రేపు పొద్దున పదిమందికి టిఫిన్ చెయ్యక్కర్లేదన్న తేలిక కలిగింది. వెంటనే సిగ్గేసింది. జబ్బులో కూడా సెలవు వెతుక్కునేంతగా ఎప్పుడు అలసిపోయింది తను? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ప్లగ్గు పీకేసింది. చొక్కా ఒక చెయ్యి ముడతలతోనే ఉండిపోయింది.

“పా సాదియా, పోదాం.”

“ఇప్పుడా? పదింటికి మీటింగున్నది. మంది వస్తరు,” అమరనాథ్ లేచాడు.

“ఇన్నేండ్లు మీరే కూసున్నరు గద. ఇయ్యాల గూడ మీరే కూసోండ్రి. చాయ్ గూడ మీరే పెట్టుకోండ్రి.”

ఆటో అఫ్జల్‌గంజ్ దాటేదాకా వెనక్కి పోదామనే అనిపించింది. ఏడుస్తున్న మనిషిని వదిలేసి వచ్చానే అని ఒకసారి, తొమ్మిది రోజులు దాచాడే అని ఒకసారి. ఏదీ తేలలేదు.

ఆసుపత్రిలో నర్సు తలుపు తీసి పిలిచింది. “విమలాదేవి తాలూకు ఎవరు? డాక్టర్ మాట్లాడుతరంట.”

సాదియా లేవబోయింది. విమలాదేవి ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే లేచింది.

“నా తాలూకు నేనే వచ్చిన. చెప్పుండ్రి.”