పుట్టింటి గేటు

రెండు జపాన్ కంపెనీలు వియ్యమందుకున్నప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీలో ఒకటే సెడాన్ రెండు పేర్లతో బయటికొస్తోంది. సగం కార్లకు కన్న కంపెనీ గుర్తే ఉంటుంది. మిగతావాటికి మూతి కాస్త మార్చి వియ్యాలవారి బ్యాడ్జీ అంటిస్తే చాలు, కొన్నవాళ్లు అది వాళ్ల కంపెనీదేనని మురిసిపోతారు. ఆ బ్యాడ్జీలు అంటించేది పిన్ని. మధ్యాహ్నం భోజనం తెచ్చిచ్చే అక్క కూతురు పిలవగా పిలవగా, ఫ్యాక్టరీ అంతటికీ ఆమె పిన్నే అయిపోయింది.

పేరు మారిన కార్లకు ఒక అలవాటుంది. షోరూం నుంచి బయటపడగానే, స్టీరింగ్ ఎటు తిప్పినా సరే, తిన్నగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చి ఆగుతాయి. ఒకసారి హారన్ కొడతాయి. వాచ్‌మన్ బానెట్ తట్టి, చూశావుగా, ఇక వెళ్లిరా అంటాడు. అప్పటి నుంచీ కొన్నవాళ్ల మాట వింటాయి. దీనికెవరూ విసుక్కోరు, పుట్టిల్లు కదా.

ఆ రోజు పిన్నికి అక్కడ ఆఖరి రోజు. దూరాన ఇంకో ఊళ్లో ఉన్న ప్లాంటుకు తనే అడిగి బదిలీ చేయించుకుంది. ఒకప్పుడు పురిట్లోనే తన బిడ్డను అక్క ఒళ్లో పెట్టి, ఎప్పటికీ చెప్పనని ఒట్టేసిన మనిషి ఆమె. ఆ పిల్లకు ఏటికేడు తన పోలికలే వస్తున్నాయి. నువ్వు దగ్గరుంటే నాకు నిద్ర పట్టట్లేదే అని అక్క అనేసింది. పిన్నికి కోపం రాలేదు గానీ, చెబుతున్న నాకు వస్తోంది.

పెట్టె పట్టుకుని బస్సు కోసం గేటు దాటుతుంటే వచ్చింది కారు. పిల్ల కొత్తగా కొన్నది. దానికి బ్యాడ్జీ అంటించింది పిన్నే. మామూలుగా హీటర్‌తో వెచ్చబెట్టి అంటించాలి. ఎవరి కారో తెలిసి, ఆ ఒక్కదాన్ని మాత్రం గుండెకు అదుముకుని వెచ్చబెట్టింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

స్టీరింగ్ ముందు పిల్ల, వెనక సీట్లో అక్క. కారు హారన్ కొట్టలేదు. గేటు దగ్గర ఆగకుండా పిన్ని ఎదురుగా వచ్చి నిలబడింది. ముందు తలుపు దానంతటదే తెరుచుకుంది. వాచ్‌మన్ వచ్చి బానెట్ తట్టాడు, కదల్లేదు. మళ్లీ తట్టాడు.

"ఇది తన కోసం ఆగలేదమ్మా," అన్నాడు పిల్లతో, రోజూ చెప్పే మాటలాగే. "నీ కోసం ఆగింది. నీ పుట్టిల్లు చూపిస్తోంది."

పిన్ని చేతిలో పెట్టె జారిపడింది. పిల్ల బిత్తరపోయి అద్దంలో వెనక సీటును చూసింది, తలుపులోంచి బయటికి చూసింది. పిన్నిది తన ముక్కే, తన గడ్డమే. ఇన్నాళ్లూ ఎలా కనబడలేదో తనకు అర్థం కాలేదు.

"అమ్మా?" అంది, ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా.

ఒట్టేసిన మనిషే "ఆఁ" అంది. అనేసి, తన నోట్లోంచి ఊడిపడ్డ మాటకు తనే అదిరిపడి చేత్తో నోరు మూసుకుంది.

వాచ్‌మన్ తల దించుకున్నాడు. వెనక సీట్లోంచి అక్క గొంతు వినబడింది.

"ఎక్కవే. ఎంతసేపలా ఎండలో నిలబడతావు."

పిన్ని ఎక్కింది. అప్పుడు కొట్టింది కారు హారన్. బస్టాండు వైపు కాకుండా ఇంటి వైపు తిరిగింది. పెట్టె గేటు దగ్గరే ఉండిపోయిందని వాళ్లలో ఎవరికీ గుర్తు రాలేదు.