పదకొండో వరుస

భిలాయి కార్మికుల బస్తీ క్యాంప్ 1లో కొర్నేలి ఇంటి ముందు పొద్దున్నే ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో కుక్కర్, ఇంకొకరి చేతిలో సైకిల్ హ్యాండిల్. పెళ్ళిచూపులకు ముందే అబ్బాయి ఫోటో పట్టుకొచ్చేవాళ్ళూ లేకపోలేదు. ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పట్టాలను సుత్తితో కొట్టి, పగులు విని చెప్పిన మనిషి కొర్నేలి. రిటైరయ్యాక పట్టాలు పోయాయి గానీ చెవి పోలేదు. దేన్ని కొట్టినా మంచిదైతే ఖంగుమంటుంది, తప్పుంటే డొల్లగా మోగుతుంది. ఇదేం వింత అని ఎవరూ అడగరు. లైను పొడుగ్గా ఉందని మాత్రం గొణుగుతారు.

కూతురు జూడీ వస్తువులు మాత్రం అతను కొట్టడు. "పిల్ల వస్తువులు కొట్టకు. డొల్లని తేలితే అప్పుడేటి చేస్తావు?" అని భార్య డైసీ ఎప్పుడో మాట తీసుకుంది.

ఆ వారం జూడీకి కాలు ఒకచోట నిలవలేదు. డ్యూటీ చార్టులు వేసే ప్రోగ్రామ్ ఒకటుంది. అది ఏ కంపెనీదీ కాదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి ఆసుపత్రులకూ ఫైర్ స్టేషన్లకూ ఊరికే ఇస్తారు. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్ది పంపవచ్చు. దాన్ని నడిపే పెద్దలకు నచ్చితే కలుపుతారు, దిద్దినవాళ్ళ పేరు జాబితాలో వేస్తారు. రాత్రి డ్యూటీల తేదీలు తికమకగా ఉన్నాయని జూడీ రెండు నెలలు కూర్చుని ఒక మార్పు రాసింది. ఫ్లాపీలో వేసుకుని సైబర్ కేఫ్ నుంచి పంపితే రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి, ఆ ప్రోగ్రామ్‌ను నడిపించే హార్వే ఒప్పుకున్నాడు. శనివారం వచ్చే వెర్షన్‌లో కలిపేస్తానన్నాడు.

ఆగిపోయిన డిప్లొమాతో తిరుగుతున్న పిల్లకు అంతకంటే ఏం కావాలి? "నీ పేరున్న పని ఏదైనా సోమవారం చూపించు, చేర్చుకుంటాం" అని రాయపూర్‌లో ఒక ఆఫీసువాళ్ళు చెప్పి ఉన్నారు.

శుక్రవారం పొద్దున ఆ మార్పును ప్రింటు తీసి తండ్రి ముందు పెట్టింది.

"ఒక్కసారి కొట్టు నాన్నా."

"మీ అమ్మకి మాటిచ్చేనే."

"హార్వే భయ్యా పాస్ చేసేశాడు. ఖంగుమంటే వినాలని ఉంది, అంతే, బస్."

గొప్పకు పోయే కూతుర్ని ఎవరు ఆపగలరు? కొర్నేలి కాగితాన్ని ఇనప దిమ్మ మీద పరిచి ఒక్కో వరుసా కొడుతూ వచ్చాడు. ఖంగు, ఖంగు, ఖంగు. పదకొండో వరుస డొల్లగా మోగింది. వంటింట్లో డైసీ చేతిలో గరిట ఆగిపోయింది.

"మళ్ళీ కొట్టు" అంది జూడీ. మళ్ళీ అదే మోత.

"ఏటి రాసేవే ఇక్కడ?"

"రోజు ఎప్పుడు మొదలవుతుందో రాశాను. పొద్దున్న ఆరింటికి."

"మరంతే కదా. డొల్లేటి?"

మొదటి షిఫ్టు సైరన్‌తో రోజు మొదలయ్యే క్యాంపులో ఆ తండ్రీకూతుళ్ళకు ఇంకో రకం రోజు తెలియదు. ఆ వరుసను వేలితో మళ్ళీ చదువుకుంటే అప్పుడు తట్టింది జూడీకి. మిగతా లోకానికి తేదీ అర్ధరాత్రే మారుతుంది. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ ఎక్కాల్సిన నర్సును తన మార్పు శనివారానికి తోసేస్తుంది. ఆదివారం నాలుగింటికి వార్డులో ఎవరూ ఉండరు.

గదిలో అటూ ఇటూ తిరిగింది. "హార్వేకే కనపడలేదు, ఇంకెవరికి కనపడుతుంది? సోమవారం అయ్యాక చెప్తాను" అంది.

కొర్నేలి కోప్పడలేదు. "డొల్ల పట్టా పక్కన పెడితే మా ఫోర్‌మన్ తిట్టేవోడు. తిట్టనీ అని పెట్టేసీవోణ్ణి. రైలెక్కినోళ్ళకి నేనెవరో తెల్దు కదా" అన్నాడు.

జూడీ విసురుగా సైకిల్ తీసింది. కేఫ్‌లో కూర్చుని హార్వేకు రాసింది: నా మార్పు కలపకండి, మా నాన్న సుత్తితో కొట్టి చూశారు, పదకొండో వరుస డొల్ల, కారణం ఇదీ.

శనివారం వెర్షన్ ఆమె పేరు లేకుండానే వచ్చింది. రాయపూర్ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. వారంపాటు తండ్రితో సరిగా మాట్లాడలేదు.

అప్పుడు హార్వే జవాబు వచ్చింది. సుత్తి సంగతికి ఆయన ఆశ్చర్యపోలేదు, దాని బరువెంత అని మాత్రం అడిగాడు. ఒప్పుకున్నాక కూడా తన తప్పు తానే బయటపెట్టిన మనిషి ఇన్నేళ్ళలో తనకు దొరకలేదట. ఇకమీదట ఎవరు ఏ మార్పు పంపినా జూడీ చూశాకే కలుపుతాడట.

అప్పటినుంచి కొర్నేలి ఇంటి ముందు కుక్కర్లవాళ్ళు కాస్త ఆగాల్సి వస్తోంది. ముందు జూడీ కాగితాలు.

పదకొండో వరుస సరిచేసిన మార్పు తర్వాతి వెర్షన్‌లో చేరింది. దాని పేర్ల జాబితాను జూడీ ప్రింటు తీసి తెచ్చింది. అందులో ఇలా ఉంది: దిద్దింది జూడీ. కొట్టి చూసింది కొర్నేలి, రైల్ మిల్, భిలాయి.

ముప్పై నాలుగేళ్ళలో అతను పాస్ చేసిన ఏ పట్టా మీదా అతని పేరు లేదు. కొర్నేలి ఆ వరుసను దిమ్మ మీద సర్ది సుత్తి ఎత్తాడు. కొట్టకుండానే దించేశాడు.

"నువ్వు కొట్టవే" అన్నాడు.

జూడీ కొట్టింది. లైనులో ఆఖరున కుక్కర్‌తో నిలబడ్డ పైడమ్మ దాకా ఖంగున వినిపించింది.