ఫొటో కోసం తీసిన దుంగలు

పురావస్తు తవ్వకం గుంతలో గోడ కూలి మేస్త్రీ పోయిన తొమ్మిదో రోజే యూనివర్సిటీలో సెమినార్ పెట్టారు. మాకు సిగ్గూ శరం లేవు.

ఫొటో తీసేముందు గుంత గోడని నిటారుగా చెక్కాలి. మట్టి పొరలన్నీ కనపడాలి, ఏదీ అడ్డురాకూడదు. రెండు నిలువుల లోతు గుంత అది. గోడకి ఊతంగా పెట్టిన దుంగలు తీసేయించమన్నారు ప్రొఫెసరుగారు. నేనాయన స్టూడెంటుని, ఆ మాట మేస్త్రీ దగ్గరికి మోసుకెళ్ళింది నేనే.

"మట్టి తడిగా ఉందమ్మా, రేపు తీద్దాం," అన్నాడు మేస్త్రీ.

"ఐదు నిమిషాలే కదన్నా," అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

హాల్లో తెరమీద ఆ ఫొటోనే వేశారు. కొలబద్ద పట్టుకుని మేస్త్రీ నిలబడి ఉన్నాడు, వెనక గోడ ఇంకా కూలలేదు. ప్రొఫెసరుగారు అరగంట పొరల గురించి చెప్పి, "దుంగలు మేస్త్రీయే తొందరపడి తీశాడు. రేపు మళ్ళీ తవ్వకం మొదలు," అన్నారు.

వెనక తలుపు దగ్గర ఇరవైమంది కూలీలు నిలబడి ఉన్నారు. వాళ్ళలోంచి మేస్త్రీ భార్య ముందుకొచ్చింది. గుంత మట్టి జల్లెడ పట్టేది ఆవిడే.

"రేపు ఆ గుంతలోకి దిగేది మా మరిది. దుంగలుండవు, అంతేనా సార్?"

"ఇది చదువుకున్నవాళ్ళ సభమ్మా. ఆఫీసుకి రా."

"మీరు చదివేదంతా నా జల్లెడలో దొరికిందే కదా."

నా డిగ్రీ ఆయన చేతిలో ఉంది. ఊరుకుంటే రేపు ఇంకొకడు పోతాడు. లేచాను.

"తీయించమంది మీరు సార్. తీయించింది నేను."

ఆవిడ నావైపు చూసింది. "తొమ్మిది రోజులు ఏం చేశావే?"



దొరికిన ప్రతి కుండపెంకుకీ గుంత, లోతు రాసి మేం ఒక చీటీ కడతాం. ఆవిడ కొంగులోంచి ఖాళీ చీటీ తీసి నా ముందు పెట్టింది. "రాయి."

రాశాను. గుంత మూడు. లోతు పన్నెండు అడుగులు. దొరికింది, మేస్త్రీ శవం. కారణం, ఫొటో కోసం దుంగలు తీయించడం. కింద నేను సంతకం చేశాను. కూలీలు వేలిముద్రలు వేశారు. ముందు వరసలోంచి ఒక స్టూడెంటు లేచి కలం అడిగాడు, తర్వాత ఇంకో నలుగురు.

ప్రొఫెసరుగారు ఫోన్ చేస్తే పోలీసులొచ్చి ఆవిడనీ నన్నూ వ్యాన్ ఎక్కించారు. "వదినా, రేపటి సంగతేంటి?" అని మరిది కిటికీ పట్టుకుని ఏడ్చాడు.

"దుంగలు పెట్టేదాకా ఎవరూ దిగొద్దు. ఫొటో కావాలంటే ఆ సార్‌నే దిగి నిలబడమను."

అతను కళ్ళు తుడుచుకుని వ్యాన్ ముందు కూర్చున్నాడు. కూలీలూ కూర్చున్నారు, వాళ్ళ పక్కనే స్టూడెంట్లూ. డ్రైవరు కాసేపు హారన్ కొట్టి, ఇంజన్ ఆపేశాడు.