నువ్వుండగా క్లీనరెందుకు

"వెనక చూడవే" అన్నారు మా ఆయన, నేనింకా అంట్ల దగ్గర్నుంచి లేవకముందే. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! కడియంలో మా నర్సరీకి మొక్కల కోసం ఏ ఊరి లారీ వచ్చినా, కుండీలు చితక్కుండా దాన్ని సందులోకి వెనక్కి రప్పించేది నేనే. రానీ, రానీ, కొంచెం ఎడం, హోల్డాన్ అని అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. "ఆడదానికి ఆ గొంతేంటి" అంటారు మా అత్తగారు, వచ్చినవాళ్ళ ముందే. ఎందుకు పోయిందో ఆవిడకి తెలీదా? బాగా తెలుసు.

ఈ మధ్య మా ఆయనకి సొంత లారీ మోజు పుట్టింది. పాతదే, ఇల్లంత ఉంది. తోలడం నెల్లాళ్ళు నేర్చుకున్నారు. తిన్నగా పోవడం వచ్చింది గానీ రివర్సు రాలేదు. డ్రైవర్ని పెట్టుకోడం నామోషీట. పోనీ క్లీనర్నయినా పెట్టండి అంటే, "నువ్వుండగా మళ్ళీ క్లీనరెందుకు" అన్నారు. వసారాలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

ఆ ఉదయం తొలి లోడు. అత్తగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆడపిల్ల లక్ష్మీదేవి, ముందు కూర్చుంటే కలిసొస్తుందని మా పావనిని కాబిన్లోకి ఎక్కించారు. ఏడేళ్ళ పిల్ల. కాలవ గట్టు దాటాక ఎక్కుతుందిలెండి అన్నాను. శుభమా అని బయల్దేరుతుంటే ఆ అపశకునపు మాటలేంటని కసిరారు. నిమ్మకాయ తొక్కిన బండిని పెద్ద రోడ్డు ఎక్కేదాకా వెనక్కి తియ్యకూడదని కొడుక్కి ఒకటికి నాలుగుసార్లు చెప్పారు.

గట్టు మీద లారీ ముందు, నేను వెనక. ఎడం పక్క కాలవ నిండుగా పోతోంది. పావని కూర్చున్నదీ ఆ పక్కే. సగం దూరం వెళ్ళామో లేదో ఎదురుగా బస్సు. మా వెనక ఇరవై గజాల్లో మలుపు దగ్గర బోలెడంత జాగా ఉంది. వెనక్కి తియ్యండని అరిచాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "తొలి పయనమే తల్లీ, నోరు ముయ్యి" అన్నారు. శకునం ఒక సాకు. రివర్సు రాదని బస్సులోవాళ్ళకి తెలిసిపోతుందని ఆ మనిషి భయం.

లారీ ఎడం పక్కకి జరిగింది. పోయిన నెల మోటారు పైపు పూడ్చింది సరిగ్గా అక్కడే. తవ్వి, మట్టి కప్పింది నేనూ మా కూలిమనిషి బుల్లెమ్మా. ఆ మట్టి ఇంకా దిగలేదు. పైపు, పైపు అని అరుస్తూ పరిగెత్తాను. వెనక చక్రం దిగబడింది. లారీ కాలవ వైపుకి ఒరిగింది. మందార మొక్కలు నాలుగైదు నీళ్ళలో పడ్డాయి.

"రామతులసీ, ఎటు తిప్పనే? చెప్పు!"

చెబుదామని నోరు తెరిచాను. పదకొండేళ్ళ అలవాటు మరి. అంతలో పావని ముఖం కనిపించింది. ఏడుపు కూడా రావడం లేదు దానికి.

"ముందు పాపని ఇవ్వండి."

"బ్రేకు మీద కాలుందే. ఎటు తిప్పాలో చెప్పి చావు."

"పాప నా చేతికొచ్చేదాకా చెప్పను."

అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. పావనిని నాన్న ఒళ్ళోంచి పాక్కుంటూ రమ్మన్నాను. అది ఒక్కో మోకాలూ కదుపుతుంటే లారీ కిర్రుమంది. అందుకుని గుండెకి హత్తుకున్నాను. అప్పటికి బస్సు డ్రైవరు పరిగెత్తుకొచ్చి చక్రాలకి రాళ్ళు అడ్డం పెడుతున్నాడు.

"ఇప్పుడు మీరూ దిగండి" అన్నాను ఆయనతో.

ఏమనుకున్నారో, దిగారు. బస్సులో జనం గుంటలోకి గోనెలూ గడ్డీ తోశారు. బస్సు డ్రైవరు మా లారీ ఎక్కి కూర్చుని నా వైపు చూశాడు. "వెనక మీరు చూస్తారాండి?" అన్నాడు. ఆ పని చేస్తావా అని నన్ను అడిగినవాళ్ళు లేరు ఇన్నాళ్ళూ. పావనిని చంకనేసుకుని, రానీ, రానీ అంటూ లారీని మలుపు దాకా వెనక్కి తీసుకొచ్చాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర అత్తగారు, వెనక్కి తీసిన బండి కలిసిరాదని ముక్కు చీదారు. పోయిన ప్రాణాలు వెనక్కొచ్చాయని మాత్రం అనలేదు. ఆయన పప్పు కలుపుకుంటూ, తను సమయానికి బ్రేకు తొక్కబట్టి సరిపోయిందన్నారు. ఆపైన, "డ్రైవర్ని చూస్తాలే. వెనక నువ్వెలాగూ ఉంటావు" అన్నారు.

మజ్జిగ గిన్నె ఆయన ముందు పెట్టాను.

"క్లీనర్ని కూడా చూసుకోండి."