నాకెవరూ నూరలేదు

ఆదివారం, మంగళవారం మా ఇంటి ముందు కామెర్ల మందుకు జనం కూర్చుంటారు. కొత్తగూడ అడవి అంచున మా తండా. నేల ఉసిరి మొక్కల్ని వేళ్లతో సహా పీకి, కడిగి, రోట్లో నూరి రసం పిండేది నేను. మజ్జిగలో కలిపి గ్లాసు చేతికిచ్చేది నా భర్త దస్రు. "దస్రు చెయ్యి మంచిది" అంటారంతా. పద్దెనిమిదేళ్లుగా వింటున్నాను.

పోయిన వానాకాలం నాకే కామెర్లు వచ్చాయి. అన్నం వాసనకే వాంతి. దస్రుతో చెబితే, "మందు నీకు తెల్వదా? నూరుకొని తాగు" అన్నాడు. లేచే ఓపిక లేక పడుకున్నాను. వచ్చినవాళ్లను మళ్లీ రమ్మని పంపేశాడు గానీ, ఒక్క పూటైనా తను రోటి ముందు కూర్చోలేదు. నెల తిరిగేసరికి నా కళ్లు తెల్లబడ్డాయి, మందు చుక్క తాగకుండానే. అప్పుడు పట్టుకుంది అనుమానం. మా మందుతో తగ్గిందన్నవాళ్లకు, తాగకపోయినా తగ్గేదేమో? తగ్గనివాళ్లు మళ్లీ మా గడప తొక్కరు కదా, మాకెలా తెలుస్తుంది? ఎవరికి చెప్పుకోవాలో తెలియక నూరుతూనే ఉన్నాను.

మొన్న ఒక ఆదివారం యాకమ్మ అనే ఆమె తన కూతురు అఖిలను తీసుకొచ్చింది. అఖిల కడుపుతో ఉంది, ఏడో నెల. కళ్లు పచ్చగా ఉన్నాయి. పేరడిగితే తడబడింది, కూర్చున్నచోటే మత్తులోకి జారుతోంది. దస్రు గ్లాసు అందించబోయాడు. నేను లాక్కున్నాను.

"అక్కా, గిది తాపకు. ఇప్పుడే దవాఖానకు పోవాలె. కడుపుతోని ఉన్నోళ్లకు కామెర్లొస్తె పానం మీదికొస్తది."

"కమలా, నీకేం ఎరుక? నూరేదానివి నూరు" అన్నాడు దస్రు.

"నాకొచ్చినప్పుడు ఎవ్వరు నూరలే. అయినా తగ్గింది. మందుతోని ఎవరికి తగ్గిందో, ఊకెనే ఎవరికి తగ్గిందో నువ్వు చెప్పగల్తవా?"

దస్రు పళ్లు కొరికాడు. నేనే నూటెనిమిదికి ఫోన్ చేసి, వాళ్లతో మానుకోట దవాఖానకు వెళ్లాను.

అఖిల బతికింది. బిడ్డ దక్కలేదు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "మీ మందు తాగినోళ్లల్ల ఎంతమందికి తగ్గింది, ఎంతమందికి తగ్గలేదు?" అని మాత్రం అడిగింది.

మంగళవారం రోలు కడగలేదు. వాకిట్లో పీట వేసుకుని, వచ్చినవాళ్లను ముందు రక్తపరీక్ష చేయించుకోమన్నాను. కడుపుతో ఉన్నవాళ్లను నిలబడనివ్వకుండా దవాఖానకు పంపాను. వాళ్లకు తెలిసినవాళ్లలో ఇంతకుముందు మందు తాగిపోయినవాళ్ల ఫోన్ నంబర్లు అడిగి రాసుకున్నాను, ఒక్కొక్కరికీ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడానికి.

"గిట్ల చేస్తె మన దగ్గరికి ఎవరొస్తరే?" అన్నాడు దస్రు.

"రాకుంటె దవాఖానకు పోతరు" అన్నాను.