ఐదింటి పాటకు ముందు

జపానులో సముద్రం ఒడ్డునున్న నగిహామలో సాయంత్రం ఐదింటికి ఊరి మైకుల్లో పిల్లల్ని ఇళ్ళకు పొమ్మనే పాట వేస్తారు. అది మొదలవగానే ఎండలో ఉన్నవాళ్ళ నీడలు కాళ్ళ దగ్గర విడివడి, తమ ఇళ్ళవైపు ముందే నడిచిపోతాయి. గుమ్మంలో నీడ కనబడగానే ఇంట్లోవాళ్ళు మిసో చారు పొయ్యిమీద పెడతారు. మనిషి వచ్చేసరికి కాగుతుంది.

చినత్సు ఆ ఊరి పిల్లే, ఇస్త్రీ కొట్టు షిగెహారు కూతురు. ఎనిమిదేళ్ళుగా టోక్యోలో 'తడి గొడుగులు' అనే బ్యాండులో బేస్ గిటారు వాయిస్తోంది. వాళ్ళ కొత్త పాటకు వీడియో తియ్యడానికి ఏ ఊరూ దొరకనట్టు ఈ ఊరి రేవుగట్టునే ఎంచుకున్నారు. పొద్దుటినుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

నాన్నకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ పాటయ్యాక కూతురొచ్చి కొట్టు చూసుకుంటుందని ఆయన ఆశ. నోరు తెరిచి అడిగింది లేదు. మేడమీది గదిలో కొత్త చాపలు పరిపించాడు, అంతే. ఈ రాత్రి అన్నం దగ్గర ఆమె ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. నీడకు మాత్రం తెలిసే ఉంటుందని భయం. అందుకే ఊరొచ్చినప్పుడల్లా ఐదు కాకముందే కొట్టులో దూరి దీపం కింద కూర్చునేది. దీపపు నీడలు ఎక్కడికీ పోవు కదా.

"నాలుగున్నరకు ముగించేద్దాం," అన్నాడు దర్శకుడు నోదా. "నీడలు పోతే ఒక షాటుకు ఇంకో షాటు అతకదు."

ముగిసేదే, ఇసోబె అవ్వ లేకపోతే. చప్పుడు చెయ్యబోయేవాళ్ళు ముందురోజే ఇంటింటికీ మిఠాయి డబ్బా పట్టుకెళ్ళి, ఇబ్బంది పెడుతున్నామని నడుం వంచి చెప్పుకోవాలి. అందరికీ చెప్పారు. అవ్వ ఉండే మూలింటికి ఇనుప తలుపు దించి ఉంటే, ఎవరూ లేరనుకుని వదిలేశారు. సరిగ్గా డ్రమ్ము మోగగానే ఆ తలుపు పైకి లేచింది.

పని ఆపి బ్యాండంతా వెళ్ళి అవ్వ ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

"మీ నాన్న చొక్కాలకు గంజి పెట్టినంత శ్రద్ధగా నీకు బుద్ధి పెట్టలేదే," అంది అవ్వ.

"తప్పైపోయింది అవ్వా."

"తప్పు సంగతి తరవాత. టీ తాగండి."

"అవ్వా, మాకు టైము..."

"నా టీకి టైము లేదు గానీ నా చెవులు పగలగొట్టడానికుందా?"

టీ అయింది. ఇంకో టీ అయింది. డ్రమ్ములు వాయించే తొమోయె చినత్సు చెవిలో గొణిగింది, "ఇంకాసేపు కూర్చుంటే మనల్ని దత్తత తీసుకుంటుంది." చినత్సుకు నవ్వు రాలేదు. కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి.

లేచేసరికి వీడియో కోసం వేసుకున్న తెల్ల చొక్కాలన్నీ నలిగిపోయాయి. నోదా తల పట్టుకుని ఇస్త్రీ కొట్టుకు ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్ళుగా ఐదింటికి కొట్టులోపలే ఇస్త్రీ ఆవిరిలో ఉండిపోయి తన నీడ ఎటు పోతుందో చూడని షిగెహారు, ఏప్రన్ విప్పకుండానే వేరే చొక్కాలు హ్యాంగర్లకు తగిలించుకుని కుంటుకుంటూ గట్టుమీదికి వచ్చాడు.

"నాన్నా, మీరు వెళ్ళిపోండి. కొట్టులో ఎవరున్నారు?"

"ఉంటాలే. ఎప్పుడూ చూడలేదుగా నువ్వు వాయించడం."

కెమెరా తిరిగింది. చివరి చరణంలో ఉండగా మైకులు మోగాయి.

టోక్యోవాళ్ళ నీడలు స్టేషను దారి పట్టాయి. చినత్సు నీడ కొట్టువైపు ఒక్క అడుగు వేసింది. ఆగింది. గిర్రున తిరిగి బ్యాండు వ్యాను ఎక్కి, సామాన్ల మధ్య తనకు అలవాటైన మూల ఒదిగి కూర్చుంది. ఆమె వాయిస్తూనే ఉంది. నాన్నవైపు చూడడానికి ఎంతసేపో పట్టింది.

ఆయన ఆమెను చూడడంలేదు. ఆయన నీడ రేవు మెట్లు దిగి, దీవులకు పోయే పడవ ఎక్కుతోంది. అది కుంటడంలేదు.

"అదేమిటి నాన్నా?" అని పెదవులతోనే అడిగింది.

"నాకూ తెలీదే," అన్నాడాయన. ఖాళీ హ్యాంగర్లు గట్టుమీద పెట్టేశాడు. "ఎక్కడికెళుతుందో చూసొస్తా."

"కొట్టో?"

"తెరిచే ఉంది. ఎవరి బట్టలు వాళ్ళు తీసుకుపోతారు." మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "మేడమీది ఆ కొత్త చాపలు ఇసోబె అవ్వకిచ్చెయ్యి. ఆవిడవి చిరిగిపోయాయి."

వీడియో వచ్చాక, నీడల్ని ఎంత బాగా చెరిపేశారో అని జనం మెచ్చుకున్నారు. చివర్లో చినత్సు భుజం వెనక పడవొకటి గట్టు వదిలిపోతుంటుంది. దాని పైఅంతస్తులో ఏప్రన్ కట్టుకున్న ఒకాయన కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటాడు. పాట వింటే తెలియదు గానీ, అక్కడ ఆమె వేళ్ళు తీగలమీద ఆగిపోతాయి. మళ్ళీ తీద్దామా అని నోదా అడిగితే, వద్దంది.