లైసెన్సు మీద ముఖం

మొదటి చలానా వచ్చినప్పుడు తప్పు నాదేననుకున్నాను. హెల్మెట్ లేదు, ఎర్రలైటు దాటారు అని ఉంది. స్కూటరు మీద. నాకు స్కూటరే లేదు. అయినా అలాగే అనుకున్నాను. పాపకు తొమ్మిదో నెల. నిద్ర లేక పాలసీసాను ఫ్రిజ్‌లో పెట్టబోయి బీరువాలో పెడుతున్న రోజులు. ఎవరి స్కూటరో ఎక్కి, ఎక్కడికో వెళ్ళొచ్చి మరిచిపోయానేమో, ఎవరు చెప్పొచ్చారు?

రెండోదీ మూడోదీ కలిసి వచ్చాయి. వాటితో పాటు ఇంకో కాగితం. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు అలాంటి కాగితాలు ఒకటికి మూడుసార్లు చదివితే గానీ ఎక్కవు. మూడోసారికి ఎక్కింది. శుక్రవారంలోగా వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకోకపోతే నా లైసెన్సు రద్దు.

నేను చిన్నపిల్లల బడి వ్యాను నడుపుతాను. లైసెన్సు పోతే వ్యాను పోతుంది. వ్యాను పోతే, నేను పనిలో ఉన్నంతసేపూ పాపను పడుకోబెట్టుకునే ఆ బడిలోని ఉయ్యాల గదీ పోతుంది.

మా ఆయన చలానా నంబరు కొట్టి ఫోన్లో ఫొటో తెరిచాడు. చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోన్ చూశాడు.

"నువ్వే."

"నేనా?"

"నీ ముక్కే. ఆ నీలం గళ్ళ చొక్కా కూడా నీదే."

"ఆ చొక్కా పిన్ని పట్టుకెళ్ళి ఏడాదైంది కదా..." అంటూనే ఆగిపోయాను.

ఫొటో పెద్దది చేసి చూశాం. స్కూటరుకు ముందూ వెనకా బట్టల సంచులు. వెనక సంచి నంబరు ప్లేటు మీదికి వేలాడుతోంది. నంబరు దొరకక, ముఖాన్ని లైసెన్సు ఫొటోలతో పోల్చి పట్టుకున్నారన్నమాట.

పిన్ని అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే నాలుగేళ్ళే పెద్ద. మా ఇంట్లోనే పెరిగింది. ఒకే దువ్వెన, ఒకే చొక్కాలు. వీధిలో వాళ్ళు దాన్ని తిట్టబోయి నన్ను తిట్టేవాళ్ళు. ఇప్పుడు ఒక టైలరింగ్ షాపులో కుట్టిన బట్టలు ఇళ్ళకు చేరవేస్తుంది. స్కూటరు షాపుది. లైసెన్సు మాత్రం ఎవరిదీ కాదు, అసలు లేదు.

"పిన్నీ, ఎర్రలైటు దాటావా?" అని ఫోన్ చేశాను.

"ఏ ఎర్రలైటే? అలా అడిగితే ఎలా చెప్పను, చాలా దాటాను."

సంగతి చెప్పాను. "నా మూలాన నీ పని పోవడమేంటే! పద, వాళ్ళ ఎదుటే నిలబడి నేనేనని చెప్తాను," అంది.

మర్నాడు పొద్దున పిల్లలను బడి దగ్గర దింపేసి, అదే వ్యానులో పాపనూ పిన్నినీ ఎక్కించుకుని లైసెన్సులిచ్చే ఆఫీసుకు వెళ్ళాను. కౌంటరులో ఉన్నాయనకు మెడకు పట్టీ. తల తిప్పలేడు. నన్ను చూడాలన్నా పిన్నిని చూడాలన్నా కుర్చీతో సహా తిరగాల్సిందే.

"ఆ బండి తోలింది నేను సార్, ఇది కాదు," అంది పిన్ని.

ఆయన బల్ల మీది కెమెరాను పిన్ని వైపు తిప్పాడు. తెర మీద పేరు పడింది. నా పేరు.

"మీరేగా మరి?"

"నేనే సార్. కానీ ఆ పేరు దీనిది."

"అయితే ఈవిడెవరు?"

నేను లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కార్డు చూశాడు. కుర్చీ తిప్పి పిన్నిని చూశాడు. ఇటు తిప్పి నన్ను చూశాడు.

"అమ్మా, ఈ కార్డు మీద ఉన్నది ఆవిడ కదా?"

"కాదు సార్, నేనే."

"సరిగ్గా చూడండి."

చూశాను. నేనే. ఇంకోసారి చూశాను. ఏమో. అద్దంలో రోజూ కనబడే ముఖమేనా ఇది? లైసెన్సు తీసి ఎవరికైనా చూపించానే గానీ, నేనెప్పుడూ చూసుకోలేదు. చూస్తున్నకొద్దీ అది నేను కాకుండా పోతోంది. పిన్ని కూడా తొంగి చూసి, "నువ్వేనే... ఆగాగు, నేనా?" అంది.

అమ్మకు వీడియో కాల్ చేసి కార్డు చూపించాను.

"దానిదే ఆ ఫొటో," అంది అమ్మ, తడుముకోకుండా. "నడిమి పాపిడి కనబడట్లేదూ? నీకు ముందు సుడి ఉందిగా, నడిమి పాపిడి ఏ రోజు నిలిచిందని? ఇద్దరికీ తల దువ్విన దాన్ని, నాకు తెలీదా?"

"మరి నా లైసెన్సు మీదికి ఎలా వచ్చిందమ్మా?"

అమ్మ గొంతు తగ్గింది. "ఆ రోజు టైమైపోతోందని గుమ్మంలో నిలబడి అరిచావు. పౌడరు డబ్బాలోంచి ఒకటి తీసిచ్చాను. అందరి ఫొటోలూ అందులోనేగా. నువ్వూ చూడకుండానే దరఖాస్తు మీద అంటించావు."

మెడపట్టీ ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు.

"అమ్మా, వినండి. ఫొటో మీదేనంటే చలానాలూ మీవే. శుక్రవారం లైసెన్సు పోతుంది. ఫొటో మీది కాదంటే చలానాలు ఆవిడకు వెళ్తాయి. కానీ వేరేవాళ్ళ ఫొటో ఉన్న లైసెన్సు చెల్లదు. అదీ ఇవాళే పోతుంది."

"ఎటు తిరిగినా పోయేదేనా!" అంది పిన్ని.

"రెండోదైతే మళ్ళీ టెస్టుకు కూర్చోవచ్చు. గురువారం ఖాళీ ఉంది." ఆయన కుర్చీ పిన్ని వైపు తిప్పాడు. "ఇక మీ మీద లైసెన్సు లేకుండా తోలిన కేసు."

"నా ముఖం లైసెన్సు మీదే ఉంది కదండీ!"

"పేరు లేదు కదమ్మా!"

ఇన్నాళ్ళూ వ్యాను తోలింది నేనే. ఒక్క పిల్లాడికి గీత పడలేదు. కానీ ఈ ఆఫీసు లెక్కలో తోలింది ఎవరు? ఈసారి టెస్టు తప్పితే? అబద్ధమాడి ఫొటో నాదేనంటే శుక్రవారం దాకా బండి నా చేతిలోనే ఉంటుంది. ఆ తర్వాత?

"ఆ ఫొటో నాది కాదు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

సంతకం పెట్టించుకుని, కొత్త ఫొటోకు కూర్చోమన్నాడు. పాపను పిన్నికిచ్చాను. అది ఏడుస్తుందేమోనని చూశాను. ఆ భుజం మీద తల వాల్చి, చొక్కా కాలరు చీకుతూ నిద్రపోయింది. దీనికీ తేడా తెలియదా అనిపించింది.

ఫొటో తీశాడు. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"మీలాంటి ముఖం మా దగ్గర ఎక్కడా లేదమ్మా," అన్నాడు. అది మంచో చెడో నాకు అర్థం కాలేదు. "అంటే చలానాలు లేనట్టే. గురువారం రండి."

బయటికొచ్చి, అలవాటుగా వ్యాను తలుపు తీసి సీటులో కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. దిగాను. తాళం పిన్నికివ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

బడి పెద్ద టీచరుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ముక్కలుముక్కలుగా, వెనకది ముందుకూ ముందుది వెనక్కూ. ఆవిడ మధ్యలో రెండుసార్లు "ఎవరి ఫొటో?" అంది.

"పిల్లలను ఇళ్ళకు దింపాలి కదా మేడం. నేను తోలకూడదు," అన్నాను. ఇక పనిలోకి రావద్దనే మాట కోసం ఎదురుచూశాను.

"అక్కడే ఉండు, ఆటోలో వస్తున్నా. గురువారం దాకా నేను తోలతాను," అంది ఆవిడ. "నువ్వు పక్కన కూర్చో. నాకు సందుల్లో వెనక్కి తియ్యడం రాదు. నువ్వు చెప్పాలి, ఎటు తిప్పాలో."